ఫలానా వారి ఆడపడుచు

పెళ్ళి శుభలేఖ వస్తే మనం ఏం చేస్తాం? నాలుగు మూలలా పసుపు పూసి ఉంటుంది కాబట్టి కళ్ళకద్దుకుని దేవుడి గూట్లోనో, అద్దం వెనకాలో దోపి పెడతాం. ఆ పెళ్ళికూతురికి పిల్లలు పుట్టి వాళ్ళు బడికి వెళ్ళే వేళకు కూడా ఆ కార్డు ఇంట్లో ఎక్కడో ఒకచోట కనబడుతూనే ఉంటుంది. అదే చావుకబురు మోసుకొచ్చిన ఉత్తరమయితే? చదవడం, చించెయ్యడం, తలమీద నీళ్ళు పోసుకోవడం. అశుభం ఇంట్లో ఉండకూడదని మన పెద్దవాళ్ళ నియమం. కర్మకాండకు పిలుస్తూ అచ్చువేయించే శుభస్వీకార పత్రికకు కూడా చాలా ఇళ్ళల్లో ఇదే గతి. పేరులో ‘శుభం’ ఉందన్న మాటే గాని, దాన్ని దాచిపెట్టేవాళ్ళు అరుదు.

ఈ నియమాన్ని వేళాకోళం చెయ్యాలని నా ఉద్దేశం కాదు. దుఃఖాన్ని గుమ్మం బయటే దించుకోవడానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం అది. కాని దానివల్ల జరిగిందేమిటో చూడండి. మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు కాగితం మిగిలింది, చావులకు కాగితం మిగల్లేదు. తాతమ్మ పోయిందెప్పుడని అడిగితే “మీ పెదనాన్న పుట్టిన మరుసటేడు, పెద్ద గాలివాన వచ్చిన ఏడు” అంటారు. ఏ గాలివాన? మన తీరాన గాలివానలకు కొదవా!

ఇంటివాళ్ళు చించలేని కాగితం ఒక్కటుంది, వార్తాపత్రిక. మన ఇంటికొచ్చిన ప్రతి పచారీ కొట్టులో పొట్లమై పోయినా, ఏదో ఒక గ్రంథాలయంలో ఒక ప్రతి బైండు కట్టి అటకమీద ఉండే అవకాశం ఉంది. అందులో ఓ మూల చిన్న అక్షరాలతో పడిన నాలుగు పంక్తులు, మీ ఇంటి మనిషిని గురించి అచ్చులో మిగిలిన ఒకే ఒక్క ఆధారం కావచ్చు. ఆ నాలుగు పంక్తులూ మనం ఎలా వ్రాస్తున్నాం, అందులోనూ ఆడవాళ్ళు పోయినప్పుడు ఎలా వ్రాస్తున్నాం అన్నదే నేను మీతో ముచ్చటించదలచుకున్న సంగతి.

పత్రికల్లో మరణవార్తలు వేసే అలవాటు మనకు ఇంగ్లీషువాళ్ళ నుంచి వచ్చింది. లండనులో 1731లో మొదలైన ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ నెలనెలా పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు జాబితాగా వేసేది. మన దేశంలో 1780లో కలకత్తాలో హిక్కీ పత్రిక, 1785లో ‘మద్రాస్ కొరియర్’ వచ్చాయి. అవి తెల్లవాళ్ళ పత్రికలు, అందులోని చావుకబుర్లూ వాళ్ళవే. తెలుగులో బందరు నుంచి 1902లో కృష్ణాపత్రిక, మద్రాసు నుంచి 1914లో దినపత్రికగా ఆంధ్రపత్రిక, హైదరాబాదు నుంచి 1926లో గోలకొండ పత్రిక వచ్చాయి. మొదట్లో కవులూ, దేశభక్తులూ, జమీందార్లూ పోతేనే పత్రికలో మాట. సామాన్యుల ఇళ్ళవాళ్ళు డబ్బు కట్టి ఫోటోతో సహా ప్రకటన వేయించుకోవడం విరివిగా సాగింది తరువాతి రోజుల్లోనే.

పత్రికలు రాకముందు మనకు ఏమీ లేదా అంటే, రాళ్ళున్నాయి. తల్లిదండ్రులకు పుణ్యంగా గుళ్ళో అఖండదీపం పెట్టించి, ఆ సంగతి శాసనంగా చెక్కించిన వాళ్ళు మన నేలమీద ఎందరో ఉన్నారు. ఒక్కటి మాత్రం ప్రత్యేకించి చెప్పాలి. ఇప్పటి మహబూబాబాదు జిల్లాలో బయ్యారం అనే ఊరుంది. అక్కడి చెరువు దగ్గర 13వ శతాబ్దపు శాసనం ఒకటి దొరికింది. కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ చెరువు త్రవ్వించి వేయించినది. ఆమె అప్పటికే నతవాడి వారింటి కోడలు. అయినా ఆ శాసనంలో చెప్పించింది పుట్టింటివారి వంశక్రమం, వెన్నరాజు మొదలుకొని. కాకతీయుల తొలితరాల పేర్లు వరుసగా తెలుసుకోవడానికి చరిత్రకారులు ఇవాళ ఈ శాసనాన్నే చూస్తారు. అంటే ఏమిటన్నమాట? అంత గొప్ప రాజవంశం పూర్వుల పేర్లు మనకు దక్కడంలో అత్తవారింటికి వెళ్ళిపోయిన ఆడపడుచు చెయ్యి ఉంది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఇక సర్కారు లెక్కల మాట. మద్రాసు రాష్ట్రంలో జనన మరణాల నమోదుకు 1899లోనే చట్టం ఉంది. దేశమంతటికీ కలిపి 1969లో చట్టం వచ్చింది. పల్లెల్లో ఈ లెక్కలు వ్రాసే భారం గ్రామాధికారులది. మునసబులు, కరణాల వంశపారంపర్య ఉద్యోగాలు మన రాష్ట్రంలో 1984లో రద్దయ్యాయి. ఆ పుస్తకాలు ఎన్ని చెదలపాలయ్యాయో, ఎన్ని అటకలమీద ఉన్నాయో ఊరూరికీ వేరు కథ. ఒకవేళ దొరికినా అందులో చావు ఉంటుంది గాని చుట్టాలుండరు. ఎవరి తల్లి, ఎవరి అక్క, మనవలెంతమంది, ఏ ఊళ్ళలో స్థిరపడ్డారు, ఇవి సర్కారుకు అక్కర్లేదు. పత్రికలో ప్రకటనకు అవే ప్రాణం.

ఓపిగ్గా చదివితే ఆ నాలుగు పంక్తుల్లో ఎంత సమాచారముందో! పోయారనడానికి మనకున్నన్ని మాటలు చూడండి. ‘శివైక్యం చెందారు’ అంటే ఆ ఇంట విభూతి పెడతారని ఊహించవచ్చు. ‘పరమపదించారు’ అన్నది వైష్ణవుల ఇళ్ళ మాట. ‘లింగైక్యం’ అంటే వీరశైవులు. ‘ప్రభువునందు నిద్రించారు’ అంటే క్రైస్తవ కుటుంబం. ‘ఇంతెఖాల్’ అని, నలభయ్యో రోజున ‘చెహలుం’ అని ఉంటే ముస్లిముల ఇల్లు. భోజనాలకు పిలిచేటప్పుడు కూడా ఒకరు కైలాస సమారాధన అంటారు, ఒకరు వైకుంఠ సమారాధన అంటారు. పెద్దకర్మ ఎన్నో రోజున అన్నది ఒక్కో కులంలో, ఒక్కో సీమలో ఒక్కో తీరు. అలాగని ఒక్క మాట పట్టుకుని తీర్పు చెప్పెయ్యకూడదు. ప్రకటన వ్రాసిచ్చింది పక్కింటి గుమాస్తా అయితే ఆయన అలవాటు మాటే పడుతుంది! కాని తాతగారి ప్రకటనలో శివైక్యమూ, మనవడి ప్రకటనలో ప్రభువు పిలుపూ కనబడితే, మధ్య తరంలో ఏదో జరిగిందని మాత్రం తెలుస్తుంది. అప్పుడు ఎవర్ని అడగాలో, ఏమని అడగాలో దారి దొరుకుతుంది.

ఊళ్ళ సంగతి ఇంకా చిక్కు. మనం ఊరుపేరు వ్రాసి జిల్లా వ్రాసి ఊరుకుంటాం, జిల్లా శాశ్వతమన్నట్టు. ఒంగోలు దగ్గరి పల్లెటూరు ఒకటి తీసుకోండి. 1904 ముందు అది నెల్లూరు జిల్లా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా అయింది. 1972లో అదే ప్రకాశం జిల్లా అయింది. ఊరు ఉన్నచోటే ఉంది, మనిషి గడప దాటలేదు. కాని ముత్తాతది నెల్లూరు జిల్లా, తాతది గుంటూరు జిల్లా, తండ్రిది ప్రకాశం జిల్లా! 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలను మళ్ళీ విడగొట్టారు. అందుకని ప్రకటనలో ఊరుపేరు పక్కన జిల్లా ఒక్కటే కాక, దగ్గరి పట్నం పేరో, మండలం పేరో కూడా వేయించాలి. కొత్తపల్లి, కొత్తపాలెం, రామాపురం అనే పేర్లతో మన రాష్ట్రాల్లో ఎన్నెన్ని ఊళ్ళున్నాయో మీకు తెలియంది కాదు.

తేదీల దగ్గరకొస్తే, మన ఇళ్ళల్లో తిథి గుర్తుంటుంది, తేదీ గుర్తుండదు. తద్దినం పెట్టాలి కాబట్టి మాసం, పక్షం, తిథి నోటికి వచ్చి ఉంటాయి. ఏ సంవత్సరం అంటే ఆనంద నామ సంవత్సరం అంటారు. ఆనంద 1914లో వచ్చింది, మళ్ళీ 1974లో వచ్చింది. అరవై ఏళ్ళ చక్రంలో ఒక్క తిరుగుడు పొరపాటు పడితే ముత్తవ్వ కాస్తా అవ్వ అయి కూర్చుంటుంది. అప్పుడు ఆ ఏడాది పత్రికలో నాలుగు పంక్తులు దొరికితే చాలు, ముడి విడిపోతుంది.

తద్దినం మాటెత్తాను కాబట్టి ఒకటి చెప్పనివ్వండి. తద్దినంలో మూడు తరాల పేర్లు చెప్తారు. తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు కూడా పలకడం ఉంది. అంటే ఇంటికి వచ్చిన ఆడవాళ్ళ పేర్లు మూడు తరాలపాటు కర్త నోట బ్రతికే ఉంటాయి. నాలుగో తరం రాగానే పై పేరు జారిపోతుంది. మరి పుట్టింటి పేరో? అది ఆ వరుసలో లేనే లేదు. పెళ్ళినాడే గోత్రంతో పాటు మారిపోయింది.

అసలు సంగతికి వచ్చాను. మొన్న ఒక వారం రోజులు వరసగా పత్రికలో ఈ ప్రకటనలు చూశాను. మగవారు పోతే తండ్రి పేరు, ఉద్యోగం, రిటైరయిన హోదా, చదువు, పొందిన సన్మానాలు. ఆడవారు పోతే ‘ఫలానా వారి ధర్మపత్ని’, ‘ఫలానా వారి మాతృమూర్తి’. ఆవిడ పేరుకన్నా కొడుకు ఉద్యోగం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కూతుళ్ళు అల్లుళ్ళ పేర్ల వెనకాల ఉంటారు, కోడళ్ళు అసలే ఉండరు. ఆవిడ ఎవరి కూతురో, ఏ ఊళ్ళో పుట్టిందో, తోడబుట్టినవాళ్ళెవరో మచ్చుకైనా కనబడదు. ఎనభై ఏళ్ళు బ్రతికిన మనిషి జీవితం పెళ్ళిపీటల మీద మొదలైనట్టుంటుంది ఆ ప్రకటన చదివితే.

మన పద్ధతులే ఆడవాళ్ళ పేర్లను మరుగున పడేశాయి. అత్తగారి పేరు కోడలు పలకకూడదు కదా. అందుకని అత్తగారి పేరు పెట్టిన పిల్లను ఏమని పిలవాలి? చిట్టి, బుజ్జి, పాప, అమ్మడు. ఆ పిల్ల పెద్దదై ‘చిట్టెమ్మ’గా పేరుపడి, అసలు పేరు బడి రిజిస్టరులో మిగిలిపోతుంది. బడికి పంపకపోతే ఆ రిజిస్టరూ లేదు. పైగా చుట్టరికాలన్నీ ఊళ్ళ పేర్లతో. తెనాలి పిన్ని, గుడివాడ అత్తయ్య, జనగామ పెద్దమ్మ. ఇందులో ఒక తమాషా ఉంది గమనించారా? కొన్ని ఇళ్ళల్లో ఆ ఊరు ఆవిడ పుట్టిన ఊరు, కొన్ని ఇళ్ళల్లో ఆవిడ్ని ఇచ్చిన ఊరు. ఎవరు పిలుస్తున్నారన్న దాన్నిబట్టి మారుతుంది. పుట్టింటివాళ్ళకు గుడివాడ అత్తయ్య, మెట్టినింటివాళ్ళకు తెనాలి వదిన. ఇద్దరూ ఒకరేనని రెండు తరాలు పోయాక ఎవరు చెప్పాలి?

ఇల్లరికం, దత్తత కూడా ఇంతే. ఇల్లరికపు అల్లుడి పిల్లలు ఏ ఇంటిపేరుతో పెరిగారు, దత్తు వెళ్ళినవాడు ఏ గోత్రం వదిలి ఏ గోత్రంలోకి వెళ్ళాడు, ఇవి ఆ తరానికి నలుగురికీ తెలిసిన సంగతులే. తెలిసిన సంగతే కదా అని ఎవరూ వ్రాయరు. తెలిసినవాళ్ళు పోయాక అది ఎవరికీ తెలియని సంగతి అవుతుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది మీకు వింతగా ఉంటుంది. 1860లో మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు బయలుదేరి ఆ నవంబరు 16న డర్బన్ చేరింది. చెరకు తోటల్లో కూలికి ఒప్పందం వ్రాసుకుని వెళ్ళిన మొదటి ఓడ అది. తరువాత అయిదు దశాబ్దాల పాటు అలాంటి ఓడలెన్నో వెళ్ళాయి. వాటిలో తమిళులతో పాటు మన విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు ప్రాంతాలవారూ ఉన్నారు. ఆ కూలీల వివరాలకు పెద్ద జాబితాలు వ్రాశారు. మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద పుట్టుమచ్చ. ఆడవాళ్ళకు కూడా ఈ గళ్ళే! వాళ్ళేమీ మన ఆడవాళ్ళ మీద గౌరవంతో వ్రాయలేదు. పారిపోతే పట్టుకోవడానికి, ఒప్పందం లెక్క చూసుకోవడానికి వ్రాసుకున్నారు. పేర్లు వినబడినట్టల్లా గీకారు, ఊళ్ళ పేర్లు గుర్తుపట్టలేకుండా చేశారు. అయినా సరే, నేటాల్ తెలుగువాళ్ళ మునిమనవలు తమ ముత్తవ్వ ఏ తాలూకా, ఏ గ్రామం, ఎవరి కూతురు అని వెతుక్కుంటూ వస్తే పట్టుకోవడానికి ఒక కొస ఉంది. కూలికి తీసుకెళ్ళిన దొర గుమాస్తా వ్రాసిన పాటి వివరం, కన్నబిడ్డలం మనం డబ్బిచ్చి వేయించే ప్రకటనలో లేదంటే ఏమనాలి?

ఈ లోపం మనదొక్కరిదే అనుకోకండి. ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రిక 1851 నుంచి ప్రముఖుల మరణవార్తలు వ్రాస్తోంది. 2018 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, ఆ పత్రికవారే ఒక సంగతి ఒప్పుకున్నారు. ఇన్నేళ్ళుగా తాము వ్రాసినవి చాలావరకు తెల్లజాతి మగవాళ్ళ గురించేనని. అప్పట్లో వదిలేసిన వాళ్ళ జీవితాలు ఆ రోజు నుంచి వ్రాయడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీ, భర్త జబ్బుపడితే బ్రూక్లిన్ వంతెన కట్టడం పనిని ముందుకు నడిపించిన ఎమిలీ రోబ్లింగ్, 1969లో పోయిన మన మధుబాల, వీళ్ళంతా ఆ మొదటి విడతలోనే ఉన్నారు. నూరేళ్ళు ఆలస్యమైనా వ్రాయగలిగారంటే, వాళ్ళను గురించిన కాగితాలు ఇంకెక్కడో మిగిలి ఉండబట్టే. మన చిట్టెమ్మగారికి నూరేళ్ళ తరువాత ఎవరైనా వ్రాద్దామన్నా కాగితమేదీ?

మన తెలుగు ఆడవాళ్ళలో ఈ పని విలువ మొదట గుర్తించినావిడ భండారు అచ్చమాంబ. బడికి వెళ్ళి చదువుకున్నది కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆ పక్కన కూర్చుని నేర్చుకుంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని స్త్రీల జీవితచరిత్రలు వ్రాసింది. 1905లో ముప్ఫై ఏళ్ళకే పోయింది. 1902లో ‘హిందూ సుందరి’లో పడిన ఆవిడ కథ ‘ధనత్రయోదశి’ చాలాకాలం ఎవరికీ పట్టలేదు. నూరేళ్ళ తరువాత పరిశోధకులు పాత పత్రికలు తిరగేసి ఆవిడ కథలను వెలికి తీస్తే గాని తెలుగు కథకు తొలి రోజుల్లో ఆవిడ ఉందని జనం మాట్లాడుకోలేదు. పత్రిక మిగిలింది కాబట్టి ఆవిడ మిగిలింది.

సరే, ఏం వ్రాయాలి? మనది పత్రికాఫీసు కాదు, మనకు చెయ్యి తిరిగిన భాష అక్కర్లేదు. సెంటీమీటర్ల లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి మాటలు తగ్గించమంటారు ఇంట్లో మగవాళ్ళు. తగ్గించవలసినవి తగ్గించండి. ‘పుణ్యమూర్తి, అన్నపూర్ణ, త్యాగశీలి’ ఈ మూడూ ఎవరు పోయినా వేస్తున్నారు, వాటివల్ల ఎవరినీ ఆనవాలు పట్టలేము. వాటి చోటులో ‘ఫలానా ఊరు, ఫలానా వారి ఆడపడుచు’ అని ఒక్క ముక్క పట్టేస్తుంది. ఇంటిపేరుతో సహా తండ్రి పేరు, వీలైతే తల్లి పేరు. అందరూ పిలిచే ముద్దుపేరు. పుట్టిన సంవత్సరం. కూతుళ్ళ పేర్లు కూతుళ్ళవిగా, కోడళ్ళ పేర్లు కోడళ్ళవిగా. ముందే పోయిన బిడ్డ ఉంటే ఆ పేరు కూడా. దుఃఖం రెట్టింపవుతుందని దాన్ని వదిలేస్తారు గాని, ఆ బిడ్డ పిల్లలు ఎక్కడో ఉంటారు, వాళ్ళు ఈ ఇంటివాళ్ళే కదా.

‘గృహిణి’ అన్న మాట ఉంది చూశారూ, దానితో నాకు పెద్ద పేచీ. తప్పు మాట కాదు. కాని అక్కడితో ఆపెయ్యడం తప్పు. ఆవిడ ఎన్నో క్లాసు దాకా చదివింది? ఇంట్లో పాడి నడిపిందా, మగ్గం దగ్గర కండెలు చుట్టిందా, పొగాకు బేరనులో పని చేసిందా, బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిందా, ఊరందరికీ పురుళ్ళు పోసిందా? భర్త పోయాక పొలం కౌలుకిచ్చిందా, తనే దగ్గరుండి చేయించిందా? ఇందులో ఏ ఒక్క వాక్యం వ్రాసినా మనవరాలికి తన మనిషి కనబడుతుంది. ప్రకటనలో పట్టకపోతే, కర్మనాడు వచ్చినవాళ్ళకు పంచిపెట్టే చిన్న కాగితంలో వేయించండి. అక్కడ సెంటీమీటర్ల బాధ లేదు.

జబ్బు సంగతి మాత్రం ఇంటివాళ్ళ ఇష్టం. అందరికీ చెప్పనక్కర్లేదు. పత్రికలో ‘స్వల్ప అస్వస్థతతో’ అని వేసినా, ఇంట్లో పుస్తకంలో అసలు పేరు వ్రాసి ఉంచడం మంచిది. మనవరాలిని డాక్టరు “మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?” అని అడిగిననాడు అది పనికొస్తుంది.

పాత ప్రకటనలు చూసేటప్పుడు ఏది నమ్మాలో, ఏది అనుమానించాలో కూడా తెలియాలి. పోయిన తేదీ, బ్రతికున్న పిల్లల పేర్లు, వాళ్ళున్న ఊళ్ళు, ఇవి సాధారణంగా ఖాయం. వ్రాసినవాళ్ళ కళ్ళముందు ఉన్నవి. పుట్టిన సంవత్సరం అలాకాదు. వ్రాసేవాళ్ళెవరూ ఆవిడ పుట్టినప్పుడు అక్కడ లేరు. బడిలో వేసేటప్పుడు వయసు ఒకటో రెండో తగ్గించి చెప్పడం మామూలే. ‘70వ యేట’ అంటే నిండింది 69 మాత్రమే, చాలామంది దాన్ని డెబ్భై నిండాయని లెక్కేస్తారు. కనక పుట్టుకకు వేరే సాక్ష్యం వెతకాలి. సొమ్ము కట్టినవాళ్ళ మాటే ప్రకటనలో ఉంటుందని కూడా మరువకూడదు. ఆస్తి తగాదాలున్న ఇంట ఒక కొడుకు పేరు ఎగిరిపోవచ్చు. రెండో పెళ్ళివారి పిల్లలు కనబడకపోవచ్చు. లేని పేరు కూడా ఒక వార్తే, దాన్ని చదవడం నేర్చుకోవాలి.

దాచే విధానం గురించి రెండు మాటలు. కత్తెరతో ప్రకటన కత్తిరించి దాచినవాళ్ళు కూడా ఒకటి చెయ్యరు. పత్రిక పేరు, తేదీ, ఏ ఊరి ఎడిషనో అంచున వ్రాయరు. ‘ఈ నెల 12న దివంగతులైనారు’ అని ఉంటుంది. ఏ నెల? ఏ ఏడు? నెలకో 12 ఉంది కదండీ. జిల్లా అనుబంధంలో పడిన ప్రకటన పై జిల్లా ప్రతిలో ఉండదు, గ్రంథాలయంలో బైండయింది పై జిల్లాదైతే దొరకదు. పత్రిక కాగితం ఎండకూ గాలికీ పచ్చబడి పెళుసెక్కుతుంది. దాన్ని మంచి కాగితం మీద జెరాక్సు తీయించి రెండిళ్ళలో ఉంచండి, ఒకటి పుట్టింట, ఒకటి మెట్టినింట. ఈమధ్య నల్ల అంచుతో బొమ్మ చేసి వాట్సాప్‌లో పంపించేస్తున్నారు. ఫోను మారితే అదీ పోతుంది. చించిపారేసిన కార్డుకూ దీనికీ నాకేమీ తేడా కనబడదు, తలమీద నీళ్ళు పోసుకోవడం ఒక్కటే తక్కువ.

పాతవి వెతకాలనుకునేవాళ్ళకు దారి లేకపోలేదు. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది. 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన గ్రంథాలయం. పాత పత్రికల సంపుటాలకు దానికి పెట్టింది పేరు. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. ప్రెస్ అకాడమీవారు పాత తెలుగు పత్రికలెన్నింటినో కంప్యూటరులోకి ఎక్కించారు. వెళ్ళేముందు తిథిని తేదీగా మార్చుకుని, ఆ తేదీకి ముందు రెండురోజులు, తరువాత పదిహేను రోజులు చూడాలని లెక్కపెట్టుకోండి. కర్మకు పిలుపు ఆలస్యంగా పడి ఉండవచ్చు. మరుసటేడు అదే రోజుల్లో వర్ధంతి ప్రకటన ఉందేమో కూడా చూడండి. అందులో ఫోటో ఉంటుంది. ఎవరి పెళ్ళిలోనో తీసిన గుంపు ఫోటోలోంచి కత్తిరించింది, పక్కవాళ్ళ భుజం కూడా పడి ఉంటుంది. చాలామంది మన అమ్మమ్మలకు ఉన్నది ఆ ఒక్క ఫోటోనే.

ఇదంతా చెప్తూంటే మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ నవ్వింది. “నేను పోయాక వాళ్ళేం వ్రాస్తారో, ఏం మరిచిపోతారో, ఆ గొడవెందుకు? ఇప్పుడే వ్రాసుకో” అంది. కాగితం తెచ్చుకుని కూర్చున్నాను. మొదట తండ్రిగారి ఊరు చెప్పింది, పక్కన ఏటి పేరు కూడా వేయమంది. తరువాత తల్లి పేరు, తల్లి పుట్టింటివారి ఇంటిపేరు. తోడబుట్టినవాళ్ళు ఎనిమిదిమంది, వరసగా, పురిట్లో పోయిన ఇద్దరితో సహా. అయిదో తరగతి దాకా చదువు. పన్నెండో ఏట పెళ్ళి. ముప్ఫైమూడేళ్ళు గేదెల పాడి. భర్త పేరు వచ్చేసరికి ఆగింది. నోటితో చెప్పలేదు. నా చేతిలో కలం తీసుకుని, వణికే అక్షరాలతో తనే వ్రాసి ఇచ్చింది. ఆఖర్న ఇంకో మాట చెప్పింది, “వయసు మాత్రం మా నాన్న చెప్పిందే వెయ్యి. పింఛను కార్డు మీద ఉన్నది కాదు.”